గ్యారేజీ కబుర్లు: ఆరేళ్ల కప్పు, అరువు కారు

పోయిన నెల ఎలక్ట్రిక్ కార్ల గురించి రాస్తూ కామిల్ జెనాట్జీ అనే బెల్జియం మనిషి పేరెత్తాను. 1899లోనే బ్యాటరీ కారులో గంటకు 100 కిలోమీటర్లు దాటిన మొదటి మనిషి ఆయన. ఆ తర్వాత ఐర్లండ్‌లో ‘అరువు కారు’తో గార్డన్ బెన్నెట్ కప్పు గెలిచాడని ఒక్క ముక్క రాసి వదిలేశాను. తప్పు నాదే. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఇన్ని ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు వస్తాయనుకోలేదు. డీజిల్ మైలేజీ గురించి అడిగినవాళ్లు ఈ నెలకు క్షమించాలి. ఈసారి జాగా అంతా ఆ రేసుకే.

మేస్త్రీ గారూ, ఇంగ్లండు పాత రేసు కార్లన్నీ ముదురాకుపచ్చ రంగులో ఉంటాయి కదా. ఐర్లండ్‌లో జరిగిన రేసు వల్లే ఆ రంగు వచ్చిందని మా అబ్బాయి అంటున్నాడు. నిజమేనా? అయినా అరువు కారుతో కప్పు గెలవడమేంటండీ?
— ఓ పాఠకుడు, తణుకు

మీ అబ్బాయి చెప్పింది ముప్పావు వంతు నిజం. ఆ మిగతా పావు కోసం కాస్త వెనక్కి వెళ్లాలి.

జేమ్స్ గార్డన్ బెన్నెట్ అని ఒక అమెరికన్. న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక యజమాని. ఆఫ్రికాలో తప్పిపోయాడనుకున్న అన్వేషకుడు లివింగ్‌స్టన్‌ని వెతకమని స్టాన్లీ అనే విలేకరిని పంపింది ఈయనే. డబ్బుకు కొదవ లేదు, తిక్కకు అంతకంటే కొదవ లేదు. ఎక్కువ కాలం పారిస్‌లోనే ఉండేవాడు. 1899లో ఈయన ఒక వెండి కప్పు ఇచ్చి, దీనికోసం దేశాలు పోటీ పడాలన్నాడు. మనుషులు కాదు, కంపెనీలు కాదు, దేశాలు. ఒక్కో దేశం నుంచి మూడు కార్లకు మించకూడదు. కారు బరువు 400 నుంచి 1,000 కిలోల మధ్య ఉండాలి. లోపల ఇద్దరు పక్కపక్కనే కూర్చోవాలి. గెలిచిన దేశం మరుసటి ఏడాది రేసు జరపాలి. ఇవన్నీ ఒక ఎత్తు. కారులోని ప్రతి భాగం ఆ దేశంలోనే తయారై ఉండాలన్న షరతు ఒక్కటీ ఒక ఎత్తు.

నేను విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్లు చేతులకు గ్రీజు పూసుకుని బతికినవాణ్ణి. ‘ఇది కంపెనీదా, లోకలా?’ అన్న ప్రశ్న రోజుకు పదిసార్లు వినేవాణ్ణి. డబ్బా మీద పేరొకటి, లోపల సరుకొకటి. బేరింగు ఒక దేశానిది, దాని సీలు ఇంకో దేశానిది. అందుకే ఈ షరతు మొదటిసారి చదివినప్పుడు, ఈ పెద్దమనిషి ఎన్నడూ గ్యారేజీలో అడుగుపెట్టి ఉండడనిపించింది.

రెండో ఏడాదికే ఆ షరతు కాటేసింది. 1901లో ఇంగ్లండు నుంచి సెల్విన్ ఎడ్జ్ అనే ఆయన 50 హార్స్ పవర్ నేపియర్ కారు తీసుకుని ఫ్రాన్స్‌కు వచ్చాడు. బండి మహా బరువు. ఇంగ్లండు టైర్లు దాన్ని మోయలేకపోయాయి. గత్యంతరం లేక ఫ్రెంచి టైర్లు వేశాడు. టైరు పరాయి దేశానిది కాబట్టి కప్పు పోటీకి పనికిరావన్నారు. ఇంకేముంది, ఆ ఏడాది ఫ్రాన్సు ముగ్గురు తప్ప బరిలో ఎవరూ లేరు. పారిస్ నుంచి బోర్డో దాకా రేసు. ఆ ముగ్గురిలో గమ్యం చేరింది జిరార్దో ఒక్కడే.

1902లో అదే ఎడ్జ్ చిన్న నేపియర్‌తో, ఇంగ్లండు టైర్లతో మళ్లీ వచ్చాడు. ఈసారి పారిస్ నుంచి ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ దాకా. ఫ్రెంచి కార్లు ఒక్కొక్కటే ఆగిపోతూ వచ్చాయి. ఆఖరికి రెనె ద నీఫ్ మిగిలాడు. ఆర్ల్‌బెర్గ్ కనుమ ఎక్కుతుంటే ఆయన బండి డిఫరెన్షియల్, అంటే వెనక చక్రాలకు ఇంజను బలాన్ని పంచే గేర్ల పెట్టె, చేతులెత్తేసింది. లోడు లారీ ఘాట్ ఎక్కుతున్నప్పుడు వెనకనుంచి ‘కటకట’ మనే శబ్దం విన్నవాళ్లకు ద నీఫ్ గుండె ఎలా కొట్టుకుందో నేను చెప్పక్కర్లేదు. ఎడ్జ్ గెలిచాడు అనేకంటే మిగిలాడు అనడం నయం. ఏమైతేనేం, కప్పు ఇంగ్లండుకు పోయింది.

అక్కడొచ్చింది చిక్కు. గెలిచిన దేశమే రేసు జరపాలి కదా. ఇంగ్లండులో రోడ్డు మీద గంటకు 12 మైళ్లు దాటితే కేసు! సైకిలు కూడా అంతకంటే జోరుగా పోతుంది. అందుకని అప్పుడు తమ ఏలుబడిలోనే ఉన్న ఐర్లండు మీద కన్నేశారు. అక్కడ రేసు జరుపుకోవడానికి పార్లమెంటులో ప్రత్యేకంగా చట్టమే చేశారు. డబ్లిన్‌కు నైరుతిగా ఆథీ అనే ఊరు ఉంది. దాని చుట్టూ ఇంగ్లీషు ఎనిమిది అంకెలా పల్లె రోడ్లను కలిపి ట్రాక్ గీశారు. మొత్తం పరుగు 527 కిలోమీటర్లు. తేదీ 1903 జులై 2.

దానికి ఐదారు వారాల ముందే పారిస్-మాడ్రిడ్ రేసు ఘోరం జరిగింది. రెనో సోదరుల్లో ఒకరైన మార్సెల్ రెనోతో పాటు ఎంతోమంది చనిపోయారు. చూడ్డానికి రోడ్డు మీదకొచ్చిన జనం కూడా. బోర్డోలోనే రేసు ఆపేసి, కార్లను గుర్రాలకు కట్టి రైల్వే స్టేషన్‌కు లాగించారు. ఆ భయంతో ఐర్లండ్‌లో వేలమంది పోలీసులను దించి రోడ్లు మూశారు. ఊళ్లు వచ్చినచోట రేసు ఆగినట్టే లెక్క. ఒకతను సైకిలు మీద ముందు తొక్కుతూ ఉంటే, ఈ రాక్షస బండ్లు బుద్ధిగా వెనక నడవాలి. ఊరు దాటాక మళ్లీ గడియారం మొదలు. నాకు ఆ రేసులో అన్నిటికంటే ఇష్టమైన దృశ్యం అదే. పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం వెనక లారీ నడిపిన డ్రైవర్లను అడగండి, క్లచ్ మీద కాలు ఎలా లాగుతుందో.

ఇప్పుడు అరువు సంగతి. జర్మనీ తరఫున మెర్సిడెస్ వాళ్లు 90 హార్స్ పవర్ కార్లు సిద్ధం చేసుకున్నారు. రేసుకు మూడు వారాల ముందు కాన్‌స్టాట్‌లోని ఫ్యాక్టరీ తగలబడింది, కార్లు బూడిద. చేసేదిలేక, అప్పటికే అమ్మేసిన 60 హార్స్ పవర్ కార్లను కొన్నవాళ్ల దగ్గరికే వెళ్లి ‘ఒకసారి ఇవ్వండి బాబూ’ అని అడిగి తెచ్చారు. జెనాట్జీకి దక్కింది డిన్స్‌మోర్ అనే అమెరికా శ్రీమంతుడి కారు. దాన్నే 6 గంటల 39 నిమిషాల్లో నడిపి గెలిచాడు. సరాసరి గంటకు 79 కిలోమీటర్లు. రెండో స్థానంలో ద నీఫ్, పదకొండు నిమిషాల పైచిలుకు వెనక.

లెక్క చూడండి. నడిపినవాడు బెల్జియం వాడు. కారు యజమాని అమెరికన్. గెలిచింది జర్మనీ! బోల్టు దగ్గర్నుంచి టైరు దాకా ఏ దేశానిదో చూశారు గానీ, స్టీరింగ్ పట్టుకున్నవాడిది ఏ దేశమో ఎవరికీ పట్టలేదు.

రంగు దగ్గరికి వస్తే, దేశానికో రంగు అన్న ఆలోచన మొదట్నుంచీ ఉంది. జ్బొరోవ్‌స్కీ అనే కౌంట్ చెప్పాడంటారు. ఫ్రాన్సుకు నీలం, జర్మనీకి తెలుపు, బెల్జియంకు పసుపు, అమెరికాకు ఎరుపు. ఇంగ్లండు జెండాలోని మూడు రంగులూ అప్పటికే ఎవరో ఒకరు పట్టుకుపోయారు. 1902లో గెలిచిన ఎడ్జ్ కారు అప్పటికే ఆకుపచ్చది. మీ అబ్బాయి లెక్కలో తగ్గిన పావు వంతు అదీ. మరుసటి ఏడాది ఐర్లండ్‌లో మూడు నేపియర్ కార్లూ ఆ దేశపు షామ్‌రాక్ ఆకు రంగేసుకుని వచ్చాయి, ఆతిథ్యం ఇచ్చినవాళ్ల మీద మర్యాదగా. ఆ రంగు అలా నిలిచిపోయింది. కార్లు మాత్రం నిలవలేదు పాపం. ఎడ్జ్ బండిని జనం తోసి స్టార్ట్ చేశారని అతణ్ణి లెక్కలోంచి తీసేశారు.

పాత రేసు ఫొటోల్లో డ్రైవరు పక్కన ఇంకో మనిషి కూర్చుని ఉంటాడు. దారి చూపడానికా? బరువు కోసమా?
— ఓ పాఠకురాలు, హనుమకొండ

లారీలో క్లీనరు ఎందుకుంటాడమ్మా? అందుకే. టైరు మార్చాలి, నూనె పంపు కొట్టాలి, వెనకనుంచి ఎవడైనా వస్తుంటే డ్రైవరు భుజం తట్టాలి. దెబ్బలు మాత్రం ఇద్దరికీ సమానం, పేరు ఒక్కడికే.

1900లో మొట్టమొదటి కప్పు రేసు పారిస్ నుంచి లియాన్ దాకా జరిగింది. బయల్దేరినవి ఐదు కార్లు, చేరినవి రెండు. పానార్ కారులో షారాన్ అనే ఆయన ముందున్నాడు. పక్క సీట్లో అన్రి ఫూర్నియే. లియాన్ ఇంకా కొద్ది దూరం ఉందనగా ఒక సెయింట్ బెర్నార్డ్ కుక్క, మన దూడంత ఉంటుంది, అడ్డంగా దూకి ముందు చక్రానికీ స్టీరింగ్ కడ్డీలకూ మధ్య ఇరుక్కుపోయింది. బండి రోడ్డు దిగి, కాలవ దాటి, రెండు చెట్ల మధ్యనుంచి దూరి, మళ్లీ కాలవ దాటి రోడ్డెక్కింది. ఎక్కడం మంచిదే, మొహం పారిస్ వైపుంది! మనుషులకేం కాలేదు. నీళ్ల పంపు మాత్రం ఊడి వేలాడుతోంది. ఫూర్నియే వంగి, ఆ పంపును చేత్తో తన చోట నొక్కి పట్టుకుని, లియాన్ చేరేదాకా అలాగే కూర్చున్నాడు. షారాన్ గెలిచాడు. 9 గంటల 9 నిమిషాలు.

ఇది చదివినప్పుడు నాకు నా పదిహేడో ఏడు గుర్తొచ్చింది. అప్పుడు నేను మేస్త్రీని కాదు, లారీ క్లీనర్ని. మారేడుమిల్లి ఘాట్‌లో రాత్రిపూట ఫీడ్ పంపు పోయింది. మా డ్రైవరు అయిదు లీటర్ల క్యాను నా చేతికిచ్చి, దానికో రబ్బరు పైపు తగిలించి క్యాబిన్ పైకెక్కమన్నాడు. డీజిల్ పైనుంచి ధారగా ఇంజనుకు దిగాలి. ఘాట్ దిగేదాకా ఆ క్యాను పట్టుకుని పైనే ఉన్నాను. మలుపు మలుపుకీ డీజిల్ చొక్కా మీద. రాజమండ్రి వచ్చాక డ్రైవరుకు ఓనరు యాభై రూపాయలిచ్చాడు. నాకు టీ ఇప్పించారు.

ఫూర్నియే కథ నాకంటే బాగుంది. మరుసటి ఏడాది ఆయనే మోర్స్ కారు స్టీరింగ్ పట్టుకుని పారిస్-బోర్డో, పారిస్-బెర్లిన్ రెండు పెద్ద రేసులూ గెలిచాడు.

అన్నట్టు, కుక్కలకూ రేసులకూ ఏదో రుణం ఉంది. 2011లో నోయిడా దగ్గర ఫార్ములా వన్ మొదటిసారి జరిగినప్పుడు, శుక్రవారం ప్రాక్టీసులోనే ట్రాక్ మీదకు కుక్క వచ్చి ఎర్రజెండా ఊపాల్సి వచ్చింది.

అంత పేరున్న కప్పు ఆరేళ్లకే ఎందుకు ఆగిపోయింది? డబ్బుల్లేకా, ప్రమాదాలు జరిగా?
— ఓ ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

రెండూ కాదు బాబూ. ఫ్రాన్సు అలిగింది.

అలగడానికి కారణం లేకపోలేదు. అప్పట్లో కార్ల పరిశ్రమ అంటే ఫ్రాన్సే. పానార్, మోర్స్, రెనో, రిషార్-బ్రాసియే... వీధికో కంపెనీ. మిగతా దేశాల్లో గట్టిగా చెప్పుకోదగ్గవి ఒకటో రెండో. కానీ షరతు ప్రకారం అందరికీ మూడే కార్లు. 1904లో ఆ మూడు చోట్ల కోసం ఆర్గొన్‌లో ఎంపిక రేసు పెడితే ముప్పై దాకా కార్లు వచ్చాయి. అంటే అసలు రేసుకంటే ముందు జరిగే రేసే పెద్దది. అందులో ఓడిన కంపెనీకి ఆ ఏడాది పెట్టిన ఖర్చంతా నీళ్లపాలు.

దీనికి తోడు జర్మన్లు చేసిన పని. ఆ ఏడాది రేసు జర్మనీలో, టౌనస్ కొండల దగ్గర. జర్మనీ చక్రవర్తి కైజర్ స్వయంగా వచ్చి కూర్చున్నాడు. జర్మనీ తరఫున మెర్సిడెస్‌లు వచ్చాయి సరే. ఆస్ట్రియా తరఫునా మెర్సిడెస్‌లే! వియన్నా దగ్గర ఆ కంపెనీకి ఇంకో ఫ్యాక్టరీ ఉంది, అక్కడ కట్టారు కాబట్టి అవి ఆస్ట్రియావన్నారు. కాగితం మీద వేలెత్తి చూపడానికి లేదు. ఫ్రెంచివాళ్లకు ఒళ్లు మండింది: మా ఇరవై కంపెనీలకు మూడు కార్లు, ఆ ఒక్క కంపెనీకి రెండు దేశాల జెండాలా అని. డబ్బా మార్చి అదే పార్టు అమ్మే షాపుల్ని నేనూ చూశాను కాబట్టి, ఈ ఒక్క విషయంలో ఫ్రెంచివాళ్ల పక్షమే.

అయినా ఆ రేసు ఫ్రాన్సే గెలిచింది. లియోన్ తేరీ అనే డ్రైవరు, రిషార్-బ్రాసియే కారు. చుట్టు చుట్టుకీ ఒకే సమయం వచ్చేలా నడుపుతాడని ఆయనకు క్రోనోమీటర్ అని పేరు. జెనాట్జీ రెండో స్థానం. కైజర్ ఎదుట కప్పు చేజారింది.

1905 జులై 5న ఆఖరి రేసు, ఫ్రాన్సులోని ఓవెర్న్ కొండల్లో, క్లెర్మాఁ-ఫెరాఁ దగ్గర. టైర్ల మిషెలిన్ కంపెనీ సొంతూరు అది. 137 కిలోమీటర్ల చుట్టు, నాలుగు సార్లు, ఒకటే మలుపులు. ఫియట్ కారులో విన్‌చెంజో లాంచా అందరికంటే ముందు దూసుకుపోతున్నాడు. ఒక రాయి లేచి రేడియేటర్‌కు కన్నం పెట్టింది, కథ ముగిసింది. మరుసటి ఏడాదే ఆయన తన పేరుతో కార్ల కంపెనీ పెట్టాడు. ఇంగ్లండు వోల్స్‌లీ కారులో ఎనిమిదో స్థానంలో వచ్చిన ఛార్లెస్ రోల్స్ అనే కుర్రాడి పేరు మీకు తెలిసిందే, రోల్స్ రాయిస్‌లో సగం ఆయన. గెలిచింది మళ్లీ తేరీనే. 7 గంటల 2 నిమిషాలు, గడియారంలాగే.

గెలిచిన ఫ్రాన్సు 1906లోనూ రేసు జరపాలి. జరపం అంది. చిన్నప్పుడు వీధి క్రికెట్‌లో బ్యాటు ఎవడిదైతే వాడు ‘మొదటి బ్యాటింగ్ నాదే, లేదంటే బ్యాటు పట్టుకుపోతా’ అనేవాడు చూడండి, అలాగన్నమాట. కాకపోతే ఈ పిల్లవాడు గెలిచాక కూడా బ్యాటు పట్టుకుపోయాడు. లమాఁ దగ్గర సొంత రేసు పెట్టుకుని, కంపెనీకి మూడు కార్లు అన్నారు. పేరు గ్రాండ్ ప్రి, అంటే పెద్ద బహుమతి. ఇవాళ ఫార్ములా వన్ రేసులన్నిటికీ వెనక తగిలించే పేరు అక్కడిదే. 1906 జూన్‌లో జరిగిన ఆ మొదటి గ్రాండ్ ప్రి గెలిచింది ఫ్రెంచి రెనో కారే. నడిపిన ఫెరెన్స్ సీస్ మాత్రం హంగరీలో పుట్టినవాడు.

గార్డన్ బెన్నెట్ ఏమీ నొచ్చుకోలేదు. 1906లోనే బెలూన్ల పోటీకి ఇంకో కప్పు ఇచ్చాడు. కార్ల కప్పును మ్యూజియం పాలు చేసిన ఫ్రెంచివాళ్లకు చెప్పేదేమిటంటే, ఆ బెలూన్ల పోటీ ఇప్పటికీ జరుగుతోంది.

మన హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ పక్కన జరిగిన ఎలక్ట్రిక్ కార్ల రేసు ఫార్ములా-ఈ కూడా ఇలాంటిదేగా? ఒక్కసారితో సరి!
— ఓ పాఠకుడు, సికింద్రాబాద్

ఒక్కసారే. 2023 ఫిబ్రవరి 11. 2.8 కిలోమీటర్ల రోడ్డు, గెలిచింది ఫ్రాన్సు డ్రైవరు జాఁ-ఎరిక్ వెర్న్. 2024 ఫిబ్రవరిలో రెండోసారి జరగాల్సింది, జనవరిలోనే రద్దయింది. దానిమీద వాదోపవాదాలు మీరు పేపర్లలో చదివే ఉంటారు, ఆ గోల ఈ శీర్షికలో వద్దు. నేను మా మనవడితో వెళ్లాను. పక్కనుంచి దూసుకుపోయినా ఇంజను చప్పుడు లేదు, పెద్ద ఈల వేసినట్టుందంతే. నలభై ఏళ్లు చప్పుడు విని రోగం చెప్పినవాణ్ణి, అక్కడ నా చెవులకు పని లేకుండా పోయింది.

తాతగారూ, జెనాట్జీ తర్వాత ఏమయ్యాడు? రేసులోనే చనిపోయాడా?
— తొమ్మిదో తరగతి విద్యార్థిని, మచిలీపట్నం

లేదమ్మా. ఎర్రగడ్డం వేసుకుని, మలుపుల్లో కూడా కాలు తీయకుండా నడిపేవాడని జనం ఆయన్ని ‘ఎర్ర దెయ్యం’ అనేవాళ్లు. అయినా రేసుల్లోంచి ప్రాణాలతోనే బయటపడ్డాడు. తర్వాత టైర్ల వ్యాపారం చేసుకున్నాడు. 1913లో బెల్జియం అడవుల్లో స్నేహితులతో వేటకు వెళ్లాడు. వాళ్లను ఆటపట్టిద్దామని పొద చాటున కూర్చుని అడవిపందిలా గుర్రుమన్నాడు. నిజంగా పందే అనుకుని ఒక స్నేహితుడు తుపాకీ పేల్చాడు.

చస్తే మెర్సిడెస్‌లోనే చస్తానని ఆయన ముందునుంచీ అంటుండేవాడట. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ప్రాణం పోయింది. ఆ కారు మెర్సిడెస్.